ఆరున్నర సెంటీమీటర్ల బొగ్గు వ్యాగన్

అందరికీ నమస్కారం. ఈ శనివారం ఇంగ్లండ్‌లోని యార్క్‌లో కొత్తిమీర కోసమని బయలుదేరిన నేను, దారిలో పాత వస్తువుల సంత కనబడేసరికి అటు తిరిగి, చివరకు సంచిలో ఒక బొగ్గు వ్యాగన్‌తో ఇల్లు చేరాను. సింగరేణిలో పనిచేసి రిటైరైన మా నాన్నగారు దీన్ని బాగా దగ్గరగా చూపించమని అడిగారు కనుక ఈ వీడియో ముందుగా ఆయన కోసమే.

ధర 8 పౌండ్లు, అంటే సుమారు 900 రూపాయలు. ఆ డబ్బుతో గోదావరిఖనిలో వారానికి సరిపడా కూరగాయలు వస్తాయని మా ఆవిడ వెంటనే గుర్తుచేసింది. 1923 నాటి ప్రమాణాల ప్రకారం తయారైన 12 టన్నులు మోసే చెక్క వ్యాగన్‌కు ఇది నమూనా. అసలు బండిలో ఒక అడుగు దీనిలో 4 మిల్లీమీటర్లు. ఇంత పట్టింపుగా కొలిచిన ఈ దేశస్థులు పట్టాల దగ్గర మాత్రం సర్దుకుపోయారు. తమ అసలు ఇంజిన్లు చిన్నవి కావడంతో ఆనాటి మోటార్లు వాటి నమూనాల్లో పట్టక, నమూనా బండిని పెద్దదిగా చేసి, నమూనా పట్టాల వెడల్పును మాత్రం 16.5 మిల్లీమీటర్ల దగ్గరే ఉంచేశారు. అసలు కొలతకు పెంచి లెక్క వేస్తే నిజమైన పట్టాల వెడల్పుకు ఏడు అంగుళాలు తక్కువ!

నాన్నగారూ, ఇప్పుడు ఈ పక్క పలకల మీద ఏటవాలుగా ఉన్న తెల్లని గీతను చూడండి. నేను అలంకారం అనుకున్నాను. ఆ గీత ఏ కొసన పైకి వెళ్తుందో ఆ చివర తలుపు ఉంటుందట. రేవుల్లో వ్యాగన్‌ను ఎత్తి వంచి బొగ్గును ఓడలోకి పోసేటప్పుడు, ఎటువైపు వంచాలో పనివాళ్లకు దూరం నుంచే తెలిసేందుకు ఆ గుర్తు.

ఇక్కడి వాళ్లు ఇలాంటి వ్యాగన్లలో నిజమైన బొగ్గునే నలగ్గొట్టి నింపుతారు. అయితే ఈ యార్క్‌షైర్‌లోనే ఉన్న కెల్లింగ్లీ అనే, బ్రిటన్‌లోని చివరి లోతైన బొగ్గు గని 2015లో మూతపడింది, ఇళ్లలో కాల్చే మామూలు బొగ్గు అమ్మకాన్ని ఇంగ్లండ్‌లో 2023 నాటికి పూర్తిగా నిషేధించారు. ఒకప్పుడు బొగ్గుతో బతికిన ఊళ్ల మధ్య ఉంటూ గుప్పెడు బొగ్గుకు వెతుక్కుంటున్నానని ఫోన్‌లో చెబితే, నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత అమ్మను పిలిచి, వచ్చే నెల పంపే ఆవకాయ సీసా పక్కన ఒక చిన్న పొట్లానికి చోటు ఉంచమన్నారు.