కుళాయి వచ్చే రోజు ఏది?

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ మన విశాఖలో ఒక ఉద్యోగం గురించి చెప్పుకుందాం. ఆ ఉద్యోగం చేసేవాళ్ళని మీరు చూసే ఉంటారు, భుజాన బ్యాగు, చేతిలో రిజిస్టరు, మిట్ట మధ్యాహ్నం కొండ మెట్లెక్కుతూ గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి "అమ్మా, ఎవరన్నా ఉన్నారా" అని పిలుస్తుంటారు. జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ, అందులో పేదల కాలనీల పని చూసే యూసీడీ (పట్టణ సామాజికాభివృద్ధి) విభాగంలో వీళ్ళని కమ్యూనిటీ ఆర్గనైజర్లు అంటారు, కాలనీల్లో మాత్రం సీవో మేడమ్ అంటేనే అందరికీ తెలుస్తుంది. నేను కూడా కొన్నేళ్ళు ఆ పనిలో ఉన్నాను, అందుకే ఈ మాటలు కొంచెం ఇష్టంగానే చెప్తాను, ఏమీ అనుకోకండి.

ఏం పని చేస్తారు అంటే ఒక్క మాటలో చెప్పలేం. పొద్దున పొదుపు సంఘం మీటింగు, పదిమంది ఆడవాళ్ళు కూర్చుని పుస్తకాలు రాసుకోవాలి, బ్యాంకు లోను కిస్తీ ఎవరిది ఆగింది, ఎందుకు ఆగింది, ఆ ఇంట్లో ఏం జరిగింది, అదంతా వినాలి. మధ్యాహ్నం తోపుడు బండ్లవాళ్ళ దగ్గరికి. 2020లో వీధి వ్యాపారులకిచ్చే స్వనిధి లోన్లు మొదలైనప్పుడు మొదటి విడత 10,000 రూపాయలు, ఆ కాగితాలు పట్టుకుని బండి బండికీ తిరిగింది వీళ్ళే. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ఊళ్ళో వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్ళు. ఆ కమిటీలో నీకూ కుర్చీ ఉందమ్మా అని చేపలమ్మే అక్కకి ఎవరో ఒకరు వెళ్ళి చెప్పాలి కదా, ఆ ఎవరో ఒకరు వీళ్ళు. ఇక తడి చెత్త పొడి చెత్త, పెన్షన్ల గోల, తుఫాను వస్తుందంటే కొండవాలు ఇళ్ళల్లోంచి ముసలివాళ్ళని బతిమాలి కిందకి దింపడం... 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ చూసినవాళ్ళకి ఆ బతిమాలడం ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చెప్తూ పోతే టైము సరిపోదు. నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి ఉంది, అదే చెప్తాను.

మా తోటి సీవో ఒకామె. కొండవాలు కాలనీ ఒకటి ఆమెది, పేరు వద్దులెండి. వానాకాలం, జ్వరాలు. డెంగ్యూ దోమ సంగతి మీకు తెలుసు, మురుగునీళ్ళలో కాదు, మన డ్రమ్ముల్లో, పూలకుండీ కింద పళ్ళేల్లో, శుభ్రంగా నిలవ ఉన్న నీళ్ళలోనే పెరుగుతుంది, పగలే కుడుతుంది. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పదిరోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే అని పెట్టారు, వారానికోసారి నీళ్ళు పారబోసి కడిగితే ఆ గొలుసు తెగిపోతుందని. మంచి ఆలోచనే. ఈమె ఆ మాట చెప్పడానికి కాలనీకి వెళ్ళింది. చెప్పగానే ఒక పెద్దావిడ లేచింది, "ఏటమ్మా, రోజు మార్చి రోజు వచ్చే నీళ్ళు పారబోసీమంటావు, రేపు పిల్లలకేటి పొయ్యాల?"

అక్కడ ఇంకో మనిషైతే పాంప్లెట్ చేతిలో పెట్టి సంతకం తీసుకుని వచ్చేసును. ఈమె కూర్చుంది. కూర్చుని ఒకటే అడిగింది, "మీకు కుళాయి ఎప్పుడొస్తుంది పెద్దమ్మా?"

తెల్లారగట్లే వస్తుందట, కానీ ఫలానా టైమని లేదు. సరే అని కుళాయి రోజున చీకటి ఉండగానే కొండెక్కింది. చూస్తే ఏముంది, బిందెలు వరసలో ఉన్నాయి, నీళ్ళు రాగానే ఎవరి తొందర వాళ్ళది, డ్రమ్ము కడగడానికి ఆగితే వంతు పోతుంది, అందుకని అడుగున ఉన్న పాత నీళ్ళ మీదే కొత్తవి పోసేస్తున్నారు. అలా ఆ డ్రమ్ము ఎండే రోజే లేదు. ఈ దోమ గుడ్లు నీళ్ళ పైన డ్రమ్ము గోడకి అంటుకుని ఉంటాయి, ఉత్తినే పారబోస్తే పోవు, ఎండినా నెలల తరబడి బతికి ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలాయంటే పొదుగుతాయి. రుద్దాలి. రుద్దకపోతే లాభం లేదు.

అప్పుడు సంఘం ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టింది. పరిష్కారం వాళ్ళే చెప్పారు, నేను మరీ మరీ చెప్పేది ఇదే, వాళ్ళే చెప్పారు. కుళాయి ముందురోజు సాయంత్రం అడుగు నీళ్ళతో బట్టలు, అంట్లు కానిచ్చేసి, డ్రమ్ము బోర్లించి కొబ్బరిపీచుతో గోడలు రుద్ది పడుకోవాలి. పొద్దున నింపాక పాత చీరముక్క మూతికి గట్టిగా కట్టాలి, దోమ దూరకుండా. నీళ్ళు పారబోసిన బాధ లేదు, వంతు పోయిన బాధ లేదు. శుక్రవారమే అవ్వాలని పట్టుబట్టలేదు ఆమె, వారానికోసారి తప్పకుండా కడిగితే చాలు కదా.

ఆమె ఇంకో పని కూడా చేసింది, అది నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియకే జనం ఉన్న ప్రతి గిన్నే నింపి పెట్టుకుంటున్నారని ఆఫీసుకొచ్చి ఇంజనీరు గారికి చెప్పింది. ఒకసారి కాదు, విసుగు పడకుండా చెప్పింది. చివరికి వాల్వు తిప్పే ఫిట్టరు ముందుగా సంఘం లీడరుకి ఫోను చేసేలా ఒప్పించింది. ఆ ఫోను మొదలయ్యాక ఇంటి చుట్టూ ఉండే చిన్న చిన్న గిన్నెలు వాటంతటవే తగ్గాయి. ఏఎన్ఎం, అంటే ఆరోగ్య కార్యకర్త, టార్చి వేసి చూస్తే డ్రమ్ముల్లో దోమ పురుగులు కూడా తగ్గాయి.

ఆఫీసు మాట కొండ మీదకి మోసేవాళ్ళు చాలామందే ఉంటారు. కొండ మీద మాట ఆఫీసుకి మోసి, అక్కడ నిలబడి, పని అయ్యేదాకా కదలకపోవడం, ఈ ఉద్యోగంలో అసలు కష్టం అక్కడుందని నేను అనుకుంటాను. దానికి లెక్కలో కాలమ్ ఉండదు. ఎన్ని మీటింగులు పెట్టావు అని అడుగుతారు, ఎన్ని మాటలు పైకి తెచ్చావు అని అడగరు. అడిగితే బాగుండును.

ఇంక మీ సంగతి. మీది కొండవాలు అయినా, అపార్టుమెంటు అయినా, మీకు కుళాయి వచ్చే రోజు ఏదో, దాని ముందురోజు సాయంత్రం డ్రమ్ము రుద్దండి. గోడలు రుద్దండి, అడుగు ఒక్కటే కాదు. మూతికి గుడ్డ కట్టండి. కుళాయి టైము అటూ ఇటూ అవుతుంటే మీ వార్డు సచివాలయంలో అమెనిటీస్ సెక్రటరీ అని ఉంటారు, నీళ్ళ సంగతి వారిని అడగాలి. ఒక్కరే వెళ్ళకండి, సంఘం వాళ్ళు నలుగురు కలిసి వెళ్ళండి, ఏ రోజు ఎన్ని గంటలకి నీళ్ళొచ్చాయో రెండు వారాలది ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్ళండి. మీ సీవో మేడమ్‌ని కూడా వెంట రమ్మనండి, వస్తారు.