వాకిట్లో ఒక్క ఐదు నిమిషాలు ఆగండి

సభకు నమస్కారం. అధ్యక్షులవారు పొగడ్తలు వద్దన్నారు కాబట్టి నేరుగా విషయానికి వస్తాను. ఈసారి వనభోజనాలు ఇంగ్లండ్ ఈశాన్యాన నార్తంబర్‌ల్యాండ్ తీరంలోని డన్‌స్టన్‌బరో కోట దగ్గర. పులిహోర ఎవరిదో, చాపలు ఎవరివో మీరు తేల్చేసుకున్నారు. కోట సంగతి నాకు వదిలేశారు.

ముందు దారి. బస్సైనా కారైనా కోట దాకా పోదు. క్రాస్టర్ ఊళ్లో పాత రాతి క్వారీలో బండి పెట్టి, రేవు దాటి, సముద్రాన్ని కుడిచేతి వైపు ఉంచుకుని ఉత్తరానికి రెండు కిలోమీటర్లు నడవాలి. పెద్దవాళ్లతో అయితే ముప్పావుగంట వేసుకోండి. ఎగుడుదిగుడు గడ్డినేల, పిల్లల తోపుడుబండి కదలదు. పసివాళ్లను కట్టుకునే సంచీ తెచ్చుకోండి. దారిలో పశువులు మేస్తుంటాయి, గేటు తీసినవాళ్లే మళ్లీ వెయ్యాలి. బాత్రూం పని క్రాస్టర్‌లోనే ముగించుకోండి. గొడుగులు దండగ, ఆ గాలికి తిరగబడతాయి. తూర్పుగాలి తోలితే నడివేసవిలోనూ సముద్రం మీంచి పొగమంచు కమ్మేస్తుంది, దాన్ని అక్కడ ఫ్రెట్ అంటారు. లోపల ఊళ్లలో ఎండ కాస్తుంటే ఇక్కడ కోటే కనపడదు.

తిండి గురించి చెప్పాలనుకున్నాను గానీ, అది తర్వాత. అసలు బాధ కోట వాకిలి గురించి. అందరూ దానికి రెండు పక్కలా ఉన్న బురుజుల ముందు ఫోటో దిగి, మధ్య దారిలోంచి లోపలికి దూరిపోతారు. గోల్కొండ గుర్తొచ్చి చప్పట్లు కొట్టేవాళ్లూ ఉంటారు. అయ్యా, అమ్మా, అక్కడ ఆగండి!

ఈ కోట 1313లో లాంకస్టర్ ఎర్ల్ థామస్ మొదలుపెట్టాడు. రాజు రెండో ఎడ్వర్డ్‌కి ఈయన స్వయానా చిన్నాన్న కొడుకు, పక్కలో బల్లెం. ఉత్తరాన బాంబరోలో రాజుగారి కోట కనిపిస్తూనే ఉంటుంది. దానికి ఎదురుగా ఈయన మూడంతస్తుల వాకిలి లేపాడు. రాజుగారి నాన్న వేల్స్‌లోని హార్లెక్‌లో కట్టించిన వాకిలి తరహాలోనే! చుట్టూ లోతు తక్కువ చెరువులు తవ్వించాడు. ఇప్పుడవి తుంగ మొలిచిన పల్లాలు. నడిచి వచ్చేవాడికి నీళ్ల వెనక కోట ఎలా కనబడేదో ఆ పల్లాల దగ్గర నిలబడి ఊహించండి. ఆ దర్పం ఎన్నాళ్లు? 1322 మార్చిలో బరోబ్రిడ్జ్ దగ్గర రాజు సేనల చేతిలో ఓడిపోయాడు, వారం తిరక్కుండా తల తీసేశారు.

మళ్లీ వాకిలికి వస్తాను. దానిలో ఒక చిక్కుంది. యజమాని నివాసం, కోట ద్వారం ఒకే కట్టడంలో ఉన్నాయి. శత్రువు తలుపు విరిచాడంటే పడకగది కిందకి వచ్చేసినట్టే. 1380ల్లో, అప్పటికి ఈ కోట దక్కిన లాంకస్టర్ డ్యూక్ జాన్ ఆఫ్ గాంట్ ఈ దారికి అడ్డంగా గోడ పెట్టించి, వాకిలినే లోపలి కోటగా మార్చాడు. ఎడమ పక్క ప్రాకారంలో కొత్త ద్వారం పెట్టించాడు. ఆ అడ్డుగోడ తర్వాతి కాలంలో తీసేశారు, అందుకే మీరు థామస్ దారినే వెళ్తారు. గాంట్ ద్వారం పునాదులు మోకాలెత్తున గడ్డిలో ఉంటాయి. ఎవరూ చూడరు. మీరైనా చూడండి.

ఇంకొకటి. దీన్ని ఫిరంగులు కూల్చాయని పిల్లలకు చెప్పకండి. 1464లో, రాజ్యం కోసం జరిగిన అంతర్యుద్ధంలో, ఫిరంగి దెబ్బలు తిన్నది బాంబరో. ఇది లొంగిపోయి, ఆ తర్వాత ఆలనాపాలనా లేక పాడైంది. 1538 నాటికే శిథిలమని రాజుకు నివేదిక వెళ్లింది. ఇలాంటి గోడ రెండు పక్కలా చెక్కిన రాయి, నడుమ సున్నంతో కూరిన రాతిముక్కలు. కప్పు పోతే వాన నడుమకి దిగి సున్నాన్ని కరిగిస్తుంది, చలికాలం ఆ తడే గడ్డకట్టి రాళ్లను విడదీస్తుంది. పైన వదులైన ఒక్క రాయి కదిలినా వానకి దారి ఇచ్చినట్టే. అందుకే మొండిగోడలు ఎక్కనివ్వకండి. గుర్తుగా రాయి జేబులో వేసుకురాకండి.

ఉత్తరం వైపు ప్రాకారం ఉండదు, ముప్పై మీటర్ల కొండచరియే అక్కడ గోడ. కిట్టివేక్ పక్షులు గూళ్లు పెట్టి గోల చేస్తుంటాయి. గడ్డి ఎక్కడ ఆగి గాలి ఎక్కడ మొదలవుతుందో తెలీదు, పిల్లల చెయ్యి వదలకండి. పడమటి గట్టు మీది లిల్‌బర్న్ బురుజు నుంచి ఎంబుల్టన్ ఇసుకతీరమంతా కనపడుతుంది.

గంట కొట్టారు, తిండి సంగతి ఒక్క ముక్క. క్రాస్టర్‌లో కిప్పర్లు దొరుకుతాయి. హెర్రింగ్ చేపని వీపున చీల్చి, ఉప్పునీటిలో వేసి, ఓక్ పొట్టు పొగలో ఆరేస్తారు. మన ఎండుచేప అనుకుని పులుసులో మళ్లీ ఉప్పు వెయ్యకండి. కొన్నవాళ్లు రెండు కవర్లలో చుట్టండి, తిరుగు ప్రయాణంలో బస్సు అద్దాలు తెరుచుకోవు.