హెడ్‌ఫోన్ కొనేముందు ఫోన్ అడుగున చూడండి

శ్రోతలకు నమస్కారం.

కోఠిలో గానీ, ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో గానీ ఇయర్‌ఫోన్ కావాలంటే కొట్టులో ముందుగా వినిపించేది, "ఏ ఫోన్ అన్నా?" అన్న ప్రశ్న. కంపెనీ పేరు తర్వాత చెప్పొచ్చు. ముందు ఫోన్ అడుగున, పైన ఒకసారి చూడండి. 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉందా, టైప్-సి ఒక్కటే ఉందా?

గుండ్రటి రంధ్రం ఉంటే పని సులువు. ఇయర్‌ఫోన్ పిన్ను మీద నల్లటి గీతలు లెక్కపెట్టండి. రెండుంటే పాట మాత్రమే. మూడుంటే మైకు కూడా ఉన్నట్టు. కాల్స్ మాట్లాడాలంటే మూడు గీతలది తీసుకోవాలి.

అసలు తిప్పలు టైప్-సి దగ్గరే. ఇంట్లో పాత ఇయర్‌ఫోన్ బాగానే ఉంది కదా, గుండ్రటి పిన్నును టైప్-సికి కలిపే ఓ కన్వర్టర్ కొంటే సరిపోతుందనుకుంటాం. కొట్టతను తన ఫోన్‌కి పెట్టి చూపిస్తాడు, పాట వస్తుంది. ఇంటికొచ్చి మన ఫోన్‌కి పెడితే పాట ఫోన్ స్పీకర్‌లోంచే వస్తుంది. అతను మోసం చేయలేదు, మన ఫోన్ పాడవలేదు. ఫోన్‌లో పాట అంకెల రూపంలో ఉంటుంది. ఆ అంకెలను చెవికి వినపడే సిగ్నల్‌గా మార్చడానికి డాక్ అనే చిన్న చిప్ కావాలి. కొన్ని ఫోన్లు ఆ మార్పు లోపలే చేసి, సిగ్నల్‌ను టైప్-సి గుండా బయటికి పంపుతాయి. వాటికి ఉత్త వైరు కన్వర్టర్ చాలు. మిగతావి అంకెలనే పంపుతాయి, చిప్ కన్వర్టర్‌లో ఉండాల్సిందే. టైప్-సి ఉన్న ఐప్యాడ్‌లు ఈ రెండో రకం. పైకి చూస్తే రెండు కన్వర్టర్లూ ఒకేలా ఉంటాయి, తేడా ఆ చిన్న పిన్ను డొప్పలోనే. అందుకే "డాక్ ఉన్న కన్వర్టర్" అని నోరు తెరిచి అడగండి. ధర కొంచెం ఎక్కువే, అయినా దండగ కాదు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ, అంటే ఫోన్‌కి బయటి పరికరాలు తగిలించే సదుపాయం, ఆన్ చేస్తేగానీ అదీ పలకదు.

బ్లూటూత్ అయితే ఈ గొడవే లేదంటారు. నిజమే. కానీ చార్జింగ్ చూసుకోవాలి, ఆటల్లో శబ్దం కాస్త వెనకపడుతుంది. పిల్లలు టాబ్లెట్‌లో పాఠాలు వినడానికైతే నా ఓటు వైరుకే.

ఇక రబ్బర్లు. డబ్బాలో చిన్నవి, మధ్యవి, పెద్దవి అని మూడు జతలిస్తారు. చాలామంది ముందే తగిలించి ఉన్నవాటితోనే సరిపెట్టుకుని, "బేస్ లేదు" అంటారు. రబ్బరు చెవిలో బిగుతుగా కూర్చోకపోతే బేస్ సందుల్లోంచి పోతుంది. రెండు చెవులకీ ఒకే సైజు పట్టాలని కూడా లేదు. సందు ఉంటే బయటి రొద లోపలికొస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ బస్సులో ఆ రొదను గెలవడానికి సౌండ్ పెంచుతూ పోతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పిన హద్దు 80 డెసిబెల్స్‌తో వారానికి 40 గంటలు. పిల్లలకైతే 75. నాయిస్ క్యాన్సిలేషన్ ఉన్నవి ఇంజిన్ హోరును బాగా తగ్గిస్తాయి, హారన్‌ను అంతగా ఆపలేవు.

డబ్బులిచ్చే ముందు కౌంటర్ దగ్గరే, మీ సొంత ఫోన్‌తో, ఈ నాలుగూ చేయండి. పాట పెట్టి రెండు వైపులా వస్తోందేమో వినండి. బటన్ నొక్కితే పాట ఆగుతోందా చూడండి. ఇంట్లోవాళ్లకు కాల్ చేసి, మీ గొంతు ఎలా వినిపిస్తోందో అడగండి. పాట నడుస్తుండగా పిన్ను మొదట్లో వైరును మెల్లగా వంచండి. గరగరమన్నా, ఒక వైపు ఆగినా వేరేది ఇమ్మనండి. పరీక్ష చేయనివ్వనంటే పక్క కొట్టుకి వెళ్లండి, ఆ సందులో కొట్లకు కొదవ లేదు.