ఎగరేసే ముందు తాడు కట్టి తిప్పండి: మోడల్ రాకెట్ స్టెబిలిటీ టెస్ట్

నమస్తే అండి. ఇవాళ చిన్న మోడల్ రాకెట్ చేద్దాం. మొదలుపెట్టే ముందు పిల్లలకు ఒక మాట. అగ్గిపుల్లల మందు గీకి, గొట్టంలో కూరి, పెరట్లో వెలిగిద్దామని అనిపిస్తుంది. ఆ ఉత్సాహం నాకు చాలా ఇష్టం, ఆ గొట్టం మాత్రం వద్దు. చేతిలోనే పేలొచ్చు. 1950ల్లో అమెరికాలో పిల్లలు ఇలాగే చేసి గాయపడేవాళ్లు. ఆ రోజుల్లోనే, 1954లో, ఆర్విల్ కార్లైల్ అనే చెప్పుల షాపాయన మందు ముందే దట్టించిన, ఒక్కసారి వాడి పారేసే మోటార్‌తో రాకెట్ చేశాడు. ఇప్పటికీ మనది అదే దారి. మోటార్ ఫ్యాక్టరీదే, మిగతాదంతా మన చేతిపని.

ఇదిగో ట్యూబ్. ముక్కు ఇలా. ప్యారాచూట్ మడత, దాని కింద మంటకు కాలని కాగితపు ఉండలు, అదే వాడింగ్, అయిపోయింది. రెక్కలు మూడు చాలు. బాల్సా చెక్క నార రెక్క ముందంచు వెంబడి ఉండాలి, ఇదిగో, ఇలా. అడ్డంగా ఉంటే పుటుక్కుమంటుంది. ట్యూబ్ మీద తిన్నగా గీత గీయడానికి నాకు స్కేలు అక్కర్లేదు. తలుపు ఫ్రేమ్ మూలలో ట్యూబ్ ఆనించి పెన్సిల్ లాగేస్తా. జిగురు కూడా తెల్లదే. ఒక పూత ఆరనిచ్చి, మళ్లీ రాసి అతికిస్తే సూపర్‌గ్లూ కంటే నాకు ఇదే నమ్మకం.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ నెమ్మదిగా చూడండి. రాకెట్ తిన్నగా వెళ్లాలంటే బ్యాలెన్స్ పాయింట్ ముందుండాలి, గాలి ఒత్తిడి పనిచేసే పాయింట్ దాని వెనకుండాలి. మధ్య దూరం కనీసం ట్యూబ్ వెడల్పంత. సరిపోయిందా లేదా? తాడు కట్టి తిప్పి చూద్దాం.

వాడని మోటార్ లోపల పెట్టండి. ప్యారాచూట్ కూడా. మోటార్‌ని వెలిగించే ఇగ్నైటర్ మాత్రం పెట్టొద్దు, అస్సలు పెట్టొద్దు. మోటార్ లేకుండా తిప్పితే ఈ టెస్ట్‌కి అర్థమే లేదు. వెనక బరువంతా దానిదే, బ్యాలెన్స్ పాయింట్‌ని వెనక్కి లాగేది అదే. ఇప్పుడు వేలి మీద ఆపి చూడండి... ఇక్కడ ఆగింది కదా, సరిగ్గా ఇక్కడే తాడు కట్టి, జారకుండా టేప్ వేయండి. రెండు మూడు మీటర్ల తాడు. చుట్టుపక్కల ఎవరూ ఉండకూడదు.

తల మీదుగా తిప్పండి. మొదటి ఊపులో ముక్కు వెళ్లే వైపుకే ఉండేలా వదలాలి. చాలామంది ఇక్కడే తడబడతారు. అడ్డంగా వదిలితే మంచి రాకెట్ కూడా గిరగిరా తిరుగుతుంది, పాపం రెక్కలు తప్పు అనుకుని కోసేస్తారు. కోయకండి, మళ్లీ వదలండి. చూశారా, ముక్కు ముందుకే పోతోంది. మీది సరిగ్గా వదిలినా తోక ముందుకొస్తుంటే ముక్కులో కొంచెం మట్టి ముద్ద పెట్టి మళ్లీ బ్యాలెన్స్ చూసి, తాడు అక్కడికి జరిపి, మళ్లీ తిప్పండి. లేదా రెక్కలు పెద్దవి చేయండి. నాకైతే మట్టే ఇష్టం, ఎంత కావాలో అంతే పెట్టొచ్చు.

ఇక ఎగరేయడం. రాకెట్‌ని తిన్నగా పైకి నడిపే లాంచ్ రాడ్ మీద పెట్టండి, పెద్దవాళ్లను పక్కన ఉంచుకోండి, ఎలక్ట్రికల్ లాంచర్‌తోనే వెలిగించండి. మోటార్ల సైజుకి అక్షరాలుంటాయి. డి సైజు లేదా అంతకంటే చిన్న మోటార్ అయితే కనీసం 15 అడుగుల దూరం. బటన్ నొక్కినా అంటుకోలేదా? లాంచర్ సేఫ్టీ కీ తీసి 60 సెకన్లు ఆగాకే దగ్గరికి వెళ్లండి. కరెంటు తీగల మీద చిక్కుకుంటే వదిలేయండి, ఇంకోటి చేసుకుందాం.