112 సర్వే నంబరు ఎవరిది?

అందరికీ నమస్కారం. మీలో చాలామంది నల్గొండ చుట్టుపక్కల ఊళ్ల రైతుల పిల్లలే. అందుకే ఈరోజు డేటాబేస్‌లో టేబుళ్ల మధ్య సంబంధాలను పట్టాదారు పాసుబుక్కు పట్టుకునే చెబుతాను.

ఒక ఊరికి ఎన్నో సర్వే నంబర్లు, ఒక్కో నంబరులోని భూమి ఒకే ఊరిది. ఇది వన్ టు మెనీ. సర్వే నంబర్ల టేబుల్లో ఊరి కోడ్‌ను ఫారిన్ కీగా (వేరే టేబుల్లోని వరుసను చూపే కాలమ్‌గా) పెడితే పని అయిపోతుంది. అయితే 112 అనే నంబరు మన ఊళ్లోనూ ఉంటుంది, పక్క ఊళ్లోనూ ఉంటుంది. ఊరి కోడ్, నంబరు రెండూ కలిస్తేనే ప్రైమరీ కీ (ఒక్కో వరుసను విడిగా గుర్తించేది) అవుతుంది.

వన్ టు వన్, అంటే ఒక వరుసకు ఒకే వరుస, అరుదు. రైతు వివరాల్లో అందరూ చూడకూడనివి వేరే టేబుల్లో పెట్టి, అక్కడి ఫారిన్ కీకి యూనిక్ (ఒకే విలువ రెండోసారి రాకూడదు అనే) నియమం తగిలిస్తే చాలు.

అసలు చిక్కంతా అన్నదమ్ముల పంపకాల దగ్గరే. 112లో ముగ్గురికి వాటా ఉంది. ఆ ముగ్గురిలో పెద్దాయనకు ఇంకో మూడు నంబర్లలోనూ భూమి ఉంది. ఇది మెనీ టు మెనీ. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దీనికి పట్టాదారు 1, 2, 3 అని మూడు కాలమ్‌లు పెట్టాను. ఒక కుటుంబంలో నాలుగో వారసురాలు ఉంది. ఆమె పేరుకు చోటే లేదు. కాగితం మీద ఆమెకు భూమి లేనట్టే వచ్చింది. అది నా తప్పే, ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆమె వాటా రెండెకరాలు అనుకుందాం. అది ఎక్కడ రాయాలి? రైతుల టేబుల్లో రాస్తే ఏ నంబరులోనిదో తెలియదు. సర్వే నంబర్ల టేబుల్లో రాస్తే ఎవరిదో తెలియదు. అందుకే మధ్యలో వాటాల టేబుల్ కావాలి. ఒక్కో వరుసలో ఒక రైతు, ఊరి కోడ్‌తో సహా ఒక సర్వే నంబరు, విస్తీర్ణం. వారసులు పదిమంది వస్తే పది వరుసలు. వాటా ఉన్న రైతును తీసేయబోతే ఫారిన్ కీ అడ్డుకుంటుంది. ఇక్కడ ఆన్ డిలీట్ క్యాస్కేడ్ మాత్రం పెట్టకండి, రైతుతో పాటు వాటాలూ చెరిగిపోతాయి.

విస్తీర్ణాన్ని గుంటల్లోనే దాచండి. కాగితం మీద 6.30 అంటే 6 ఎకరాల 30 గుంటలు. దానికి 0.20 కలిపితే కంప్యూటర్ 6.50 అంటుంది. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది నిజానికి 7 ఎకరాల 10 గుంటలు.