సీమ గాలిలో ఫ్లై గాలం: చేతికందే సామాను, చిన్న ఉపాయాలు

సభలోని పెద్దలకు, చెరువు గట్ల మీద తెల్లవారుజాములు గడిపే మిత్రులకు నమస్కారం.

తుంగభద్ర, హంద్రీ కలిసే ఈ కర్నూలులో గాలం వేసేవారికి కొదవ లేదు. వెదురు కర్ర, బెండు, సీసపు గుండు, వానపాము మనకు తరతరాలుగా తెలిసిన సామాను. ఫ్లై గాలం తీరు వేరు. మామూలు గాలంలో సీసపు గుండో ఎరో తన బరువుతో దారాన్ని లాక్కుపోతుంది. ఫ్లై గాలంలో ఎర అంటే ఈకలు, దారం చుట్టిన చిన్న కొక్కెం మాత్రమే కనుక దానికి చెప్పుకోదగిన బరువు ఉండదు. లావుగా, బరువుగా తయారు చేసిన లైనే గాలిలో విచ్చుకుంటూ పోయి ఆ ఫ్లైని తన వెంట మోసుకెళ్తుంది. లైను పెట్టె మీద ఉండే నంబరు ఈ బరువునే తెలుపుతుంది. మొదటి 30 అడుగుల లైను 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు తూగితే అది 5వ నంబరు. 210 గ్రెయిన్లు, అంటే సుమారు 13.6 గ్రాములు తూగితే 8వ నంబరు.

అంగట్లో కనిపించే ఫ్లై గాలం సామాను చాలావరకు చల్లటి కొండ ఏరుల్లోని ట్రౌట్ చేపను దృష్టిలో పెట్టుకొని తయారైనది. మన దేశంలో ఆ చేప కాశ్మీరులో, హిమాచల్‌లో, నీలగిరుల్లో ఉంది గాని పెన్నలోనో కె.సి. కాలువలోనో లేదు. మనకు దొరికేవి జిలేబీలు, పరిగెలు, అదృష్టం బాగుంటే కొర్రమీను. జిలేబీ చిన్న ఫ్లైని, కొర్రమీను నీటి మీద కప్పలా కదిలే పెద్ద ఫ్లైని బాగానే అందుకుంటాయి కనుక చేప గురించి మనకు దిగులు అక్కరలేదు. మన ఇబ్బందల్లా గాలి, కంప, ఎండ. ఈ మూడూ దెబ్బతీసేది లైనునే. కొత్తగా మొదలుపెట్టేవారు రాడ్డు మీద పెట్టదలచిన డబ్బులో కొంత తగ్గించి మంచి లైను కొనాలని, ఆ లైనును కాపాడే చిల్లర సామానును ఇంట్లోనే సమకూర్చుకోవాలని నా అభిప్రాయం.

ముందుగా కంప సంగతి. ఫ్లైని వెనక్కి లాగుతున్నప్పుడు ఎడమచేత్తో గుంజిన లైను కాళ్ల దగ్గర చుట్టలు చుట్టలుగా పడుతుంది. ఏటిలో నిలబడితే అది నీటి మీద తేలుతుంది. మన చెరువు గట్టు మీదయితే పల్లేరు కాయల మీద, సర్కారు తుమ్మ కంప మీద పడుతుంది. ముల్లు గీరుకొని పైపూత చీలిందంటే ఆ చీలికలో నీరు చేరి, తేలవలసిన లైను మునగడం మొదలవుతుంది. దీనికోసం స్ట్రిప్పింగ్ బాస్కెట్ అనే బుట్టను ప్రత్యేకంగా అమ్ముతారు గాని దానికి అంత ఖర్చు అనవసరం. లోతు తక్కువగా, నోరు వెడల్పుగా ఉన్న ప్లాస్టిక్ టబ్బు తీసుకొని, అంచు కింద రెండు గాట్లు పెట్టి, పాత బెల్టు దూర్చి నడుముకు కట్టుకుంటే చాలు. అయితే ఉత్త టబ్బులో చుట్టలు మనం నడిచేటప్పుడు ఒకదానిలో ఒకటి దూరి చిక్కుపడతాయి. అందుకని టబ్బు అడుగున నాలుగేసి అంగుళాల ఎడంలో చిన్న రంధ్రాలు చేసి, కరెంటు పనివాళ్లు వాడే కేబుల్ టైలను కింది నుంచి దూర్చండి. వాటి తల కింద ఆగిపోతుంది. తోక రెండు మూడు అంగుళాలు పైకి నిలబడేలా కత్తిరిస్తే చుట్టలు వేటికవి విడిగా ఉంటాయి. మొత్తం సామానులో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఈ టబ్బునే ఉంచుకుంటాను.

ఇక గాలి. అనంతపురం వైపు నుంచి వచ్చినవారికి దాని గురించి చెప్పనక్కరలేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు కదా. నైరుతి గాలులు బలంగా వీచే నెలల్లో పొద్దెక్కకముందే పని ముగించుకోవడం అన్నిటికంటే సులువైన ఉపాయం. అది కుదరనప్పుడు 5వ నంబరు బదులు 7వ నంబరు రాడ్డూ లైనూ వాడి, లీడరును, అంటే లావు లైను కొసకు కట్టే సన్నని నైలాన్ దారాన్ని, తొమ్మిది అడుగుల నుంచి ఏడు అడుగులకు తగ్గించాలి. ఎదురుగాలి ఉంటే రాడ్డును పక్కకు వంచి, లైను నీటికి దగ్గరగా పోయేలా విసరాలి, ఎందుకంటే నీటి ఉపరితలం దగ్గర గాలి ఉధృతి కొంత తక్కువ. గాలి వీపు వైపు నుంచి వీస్తే వెనక విసురును కిందుగా, బలంగా వేసి, ముందు విసురును ఎత్తుగా వదిలితే చాలు, మిగిలిన పని గాలే చేస్తుంది. కుడిచేతివాటం వారికి కుడివైపు నుంచి వీచే గాలి ప్రమాదకరం, అది కొక్కేన్ని నేరుగా చెవి మీదికి తెస్తుంది. అప్పుడు చేతిని నుదుటి ఎత్తుకు తెచ్చి, రాడ్డు కొసను తలమీదుగా ఎడమ భుజం వైపు వాల్చి విసిరితే లైను అవతలి పక్కనుంచే వెళ్లిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. వీపున గాలి ఉన్న గట్టు విసరడానికి సుఖంగా ఉంటుంది గాని, ఆ గాలి నీటిలో పడిన పురుగూపుట్రను అవతలి గట్టుకు నెట్టుకుపోతుంది, మేత వెంట చేపలూ అటే పోతాయి. కనుక చేప ఉన్న గట్టున ఎదురుగాలి, గాలి అనుకూలమైన గట్టున చేప కరువు. పక్కగాలి తగిలే మూల ఒకటి వెతుక్కోవడమే దీనికి మధ్యేమార్గం.

గాలి ఎటు ఉన్నా టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి. పోలరైజ్డ్ అద్దాలయితే నీటి మీది మెరుపును తగ్గించి లోపల కదిలే నీడను కూడా చూపిస్తాయి. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే చిన్న ముల్లును పట్టకారుతో నొక్కి అణచివేయడం మరో మంచి అలవాటు. లైను బిగువుగా ఉన్నంతసేపు చేప జారదు. వదిలిపెట్టాలనుకున్న చేపకు దెబ్బ తక్కువ తగులుతుంది. మన చెవికే గుచ్చుకున్నా తీయడం తేలిక.

విసరడం నేర్చుకోవడానికి నీళ్లే అక్కరలేదు, బడి మైదానం చాలు. కొక్కెం బదులు లీడరు కొసకు ఎర్రటి ఉన్ని పోగు కట్టండి. కొత్తవారిలో ఎక్కువమంది మణికట్టు విరిచి రాడ్డును వెనక నేల మీదికి వాల్చేస్తారు. రాడ్డు మడమను, అంటే పిడి కింది కొసను, పొడుగు చేతుల చొక్కా కఫ్‌లోకి దూర్చి గుండీ పెడితే మణికట్టు ఇక వంగదు, ముంజేయి మాత్రమే కదులుతుంది. మరొకటి, వెనక్కి విసిరిన లైను పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. తల తిప్పి చూడటంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. లైను మీద సరిగ్గా 30 అడుగుల దగ్గర పర్మనెంట్ మార్కరుతో నల్లటి గీత గీసుకుంటే, అది రాడ్డు కొస దాటిందంటే రాడ్డు వంగడానికి తగిన బరువు బయట ఉందని లెక్క.

ముడుల విషయంలో మన పాత సామాను బాగా పనికివస్తుంది. లావు లైనుకు లీడరును కలిపే నెయిల్ నాట్ వేయడానికి అయిపోయిన బాల్‌పెన్ రీఫిల్ ముక్క ఉంటే చాలు: లైను పక్కనే దాన్ని ఆనించి, లీడరును రెంటి మీదుగా అయిదారు చుట్లు చుట్టి, కొసను ఆ గొట్టంలోంచి దూర్చి, గొట్టాన్ని మెల్లగా లాగివేసి బిగించాలి. ఏ ముడినైనా బిగించే ముందు ఉమ్మితో తడపాలి, ఎందుకంటే పొడిగా లాగితే రాపిడి వేడికి నైలాన్ బలహీనపడుతుంది. లీడరు చివర ఫ్లైని కట్టే సన్నని పోగును టిప్పెట్ అంటారు. దాని మందం చెప్పే ఎక్స్ అంకెను 11 లోంచి తీసివేస్తే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క వస్తుంది; 5ఎక్స్ అంటే వెయ్యింట ఆరు వంతులు, సుమారు 0.15 మిల్లీమీటర్లు. అంత సన్నని పోగును కొక్కెం కంట్లోకి ఎక్కించాలంటే కొసను ఏటవాలుగా కత్తిరించి, కొక్కేన్ని ఆకాశం వైపు ఎత్తి పట్టుకోవాలి. కత్తిరించడానికి నెయిల్ కట్టర్, కొక్కెం ఊడదీయడానికి సర్జికల్ దుకాణాల్లో దొరికే ఆర్టరీ ఫోర్సెప్స్ సరిపోతాయి. ఆఫీసు ఐడీ కార్డుకు వాడే సాగే తాడు చక్రాన్ని జేబుకు తగిలిస్తే కట్టర్ నీళ్లలో పడదు.

రాడ్డు రింగుల్లోంచి దారం ఎక్కించేటప్పుడు సన్నని లీడరు కొసను కాక, లావు లైనునే మడిచి ఆ మడతను ఎక్కించండి. చేయి జారినా మడత రింగులో విచ్చుకొని ఆగిపోతుంది, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టే పని ఉండదు. రాడ్డు ముక్కలు కరుచుకుపోతే మెలితిప్పకూడదు. రాడ్డును మోకాళ్ల వెనక అడ్డంగా పెట్టుకొని, మోకాళ్లకు బయటివైపు రెండు చేతులతో పట్టుకొని, మోకాళ్లను మెల్లగా ఎడం చేస్తే విడివడుతుంది. కీళ్లకు ముందే కొవ్వొత్తి రాసి ఉంచితే అసలు ఆ అవసరమే రాదు.

ఎండలో నిలబెట్టిన కారులో లైనును వదిలేయవద్దు. దోమల మందులోని డీట్ అనే రసాయనం లైను ప్లాస్టిక్ పూతను కరిగిస్తుంది, కనుక అది రాసుకున్న చేతులను కడుక్కొన్నాకే లైను పట్టుకోవాలి. మన చెరువుల్లో పాచి ఎక్కువ. ఇంటికి రాగానే గోరువెచ్చని సబ్బు నీటిలో ముంచిన గుడ్డతో లైనును తుడిచి, మంచి నీటితో మరోసారి తుడిస్తే మళ్లీ తేలుతుంది.

గట్టు దిగి పొలాల వెంట నడిచేటప్పుడు మాత్రం రాడ్డును విడదీసుకోండి. కార్బన్ రాడ్డులో కరెంటు ప్రవహిస్తుంది, మోటార్లకు లాగిన తీగలు మన వైపు చాలాచోట్ల చేతికందే ఎత్తులో వేలాడుతుంటాయి. చెరువును మత్స్యకారుల సంఘం వేలం పాటలో తీసుకొని ఉంటే వారిని అడిగిన తరువాతే దిగండి.

పక్క బల్ల మీద పాత లైను ముక్కలు, ఖాళీ రీఫిళ్లు, కేబుల్ టైలు బిగించిన టబ్బు ఉంచాము. ముడి వేసి చూడాలనుకునేవారు రండి, తరువాత బయట మైదానంలో ఉన్ని పోగుతో విసురుదాం.