రెప్ప మీద నీటిబుడగ

శ్రోతలకు నమస్కారం. ఎండలు ముదిరాక కొందరికి రెప్పల మీద, కళ్ల కింద, బుగ్గల పైన చిన్నచిన్న బుడిపెలు తేలతాయి. ఆవగింజంత నుంచి మిరియపు గింజంత. నొప్పి ఉండదు. పక్కనుంచి టార్చి వేస్తే లోపల నీరున్నట్టు మెరుస్తాయి. ఒక్కోసారి నీలంగానూ కనిపిస్తాయి. చెమటకాయలనుకుని పౌడరు అద్దుతుంటారు గానీ, ఇవి వేరు. వైద్యుల మాటలో హైడ్రోసిస్టోమా. క్యాన్సర్ కాదు.

ఇందులో రెండు రకాలు. చెమట బయటికొచ్చే నాళం లోపలే ఉబ్బి, నీరు నిలవడం వల్ల వచ్చేది మొదటి రకం. 1893లో రాబిన్సన్ అనే వైద్యుడు దీన్ని వర్ణించినప్పుడు ఎక్కువగా కనిపించింది ఆవిరి మధ్య బట్టలుతికే, వంటచేసే నడివయసు ఆడవాళ్లలో. పొయ్యి దగ్గర, ఇస్త్రీబల్ల దగ్గర నిలబడేవాళ్లకి ఇప్పటికీ అంతే. వేడికి ఉబ్బుతాయి, చలికాలంలో అణుగుతాయి.

రెండో రకం కనురెప్ప వెంట్రుకల వరసను ఆనుకుని, సాధారణంగా ఒక్కటే వస్తుంది. అది ఋతువులతో మారదు, సెంటీమీటరు దాకా పెరగవచ్చు. నల్లగా ఉంటే పుట్టుమచ్చనుకుంటారు.

సూదితో పొడిస్తే తేటనీరు కారి బుడగ అణుగుతుంది. మళ్లీ నిండుతుంది, ఎందుకంటే గోడ లోపలే ఉంది. ఆ గోడ మందం మహా అయితే రెండు వరసల కణాలు. సర్జను చేతిలోనే చిరిగిపోతుంటుంది. ఇంట్లో పిన్నుతో పొడిచి సాధించేదేముంటుంది, చీము తప్ప? కాపడం కంటికురుపుకి పనికొస్తుంది, దీనికి కాదు.

ఒక్కటే ఉంటే కోసి గోడతో సహా తీయించుకోవచ్చు. తీసిన ముక్కను పరీక్షకు పంపమని అడగండి. పదీ ఇరవై ఉంటే అన్నీ కోస్తే మచ్చలు మిగులుతాయి. సన్నని విద్యుత్ సూదితో కాల్చడమో, లేజరో, చెమటను కొన్ని నెలలు ఆపే బొటాక్సో వాడతారు. చెమటను తగ్గించే అట్రోపిన్ అనే మందు పూత రాసినన్నాళ్లే పనిచేస్తుంది. పొరపాటున కంట్లో పడితే కంటిపాప విచ్చుకుని దగ్గరి అక్షరాలు మసకబారతాయి. కొన్ని రకాల గ్లాకోమా, అంటే నీటికాసులు, ఉన్నవాళ్లకి ప్రమాదం కూడా.

బుడిపె గట్టిగా ఉన్నా, రక్తం కారినా, పుండు పడినా, అక్కడి వెంట్రుకలు రాలినా ఆగకుండా కంటి వైద్యుడికి చూపించండి. అవేమీ లేకపోతే తొందర లేదు. మే నెలలో ఫోన్‌లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. డిసెంబరులో వైద్యుడి దగ్గరికెళ్తే చూపించడానికి ముఖం మీద ఏమీ మిగలకపోవచ్చు.